ఇరవై ఆంపియర్లు చాలనుకున్నా

మా విమానం మొదటిసారి గాల్లో ఉన్నది గట్టిగా రెండు నిమిషాలు. తర్వాత గ్రౌండ్ చివర తుమ్మచెట్ల దగ్గర ముక్కు నేలకి కొట్టుకుని పడింది.

కట్టింది నా రూమ్మేట్. నెల రోజులు, రాత్రి మెస్ నుంచి రాగానే కూర్చుని, డెపరాన్ షీట్లు కోసి, హాట్ గ్లూతో అతికించి రెక్కలు నిలబెట్టాడు. నేను ఈసీఈ కాబట్టి "ఎలక్ట్రానిక్స్ నువ్వు చూసుకోరా" అన్నాడు.

ముందు అనుకున్న మోటారు 1000 కేవీ. అంటే లోడు లేనప్పుడు ఒక్కో వోల్టుకి నిమిషానికి వెయ్యి చుట్లు. దానికి సరిపోతుందని 20 ఆంపియర్ల ఈఎస్‌సీ తెప్పించా. తీరా షాపులో 1400 కేవీ మోటారే దొరికింది. ప్రొపెల్లర్ మాత్రం పాతదే, పది అంగుళాలది. "ఈఎస్‌సీ మార్చాలా?" అని వాడు అడిగాడు. అక్కర్లేదన్నా. నిజానికి నేను లెక్కే వెయ్యలేదు. మళ్లీ ఆర్డర్ పెట్టాలంటే బద్ధకం, డబ్బులు కూడా అయిపోయాయి.

రూములో టేబుల్‌కి కట్టి పది సెకన్లు ఫుల్ థ్రాటిల్ ఇచ్చాం. బ్రహ్మాండంగా తిరిగింది. ఈఎస్‌సీ పూర్తిగా వేడెక్కడానికి పది సెకన్లు చాలవని అప్పుడు తట్టలేదు. పైగా విమానంలో దాన్ని గాలి ఆడని చోట పెట్టి టేప్ వేసేశాం.

మోటారు ఒక్కటే ఆగితే గ్లైడ్ చేసి దింపుకోవచ్చు. మాకు ఎలివేటర్ కూడా కదల్లేదు. రిసీవర్‌కీ సర్వోలకీ 5 వోల్టులు ఇచ్చే బీఈసీ ఉండేది ఆ ఈఎస్‌సీలోనే. అది పోతే అన్నీ పోయినట్టే.

ముక్కలు ఏరుతూ వాడు "నా సోల్డరింగే ఊడిందేమో రా" అన్నాడు. అప్పటికే నా చేతిలో ఈఎస్‌సీ ఉంది. పైన తొడుగు నల్లబడింది, కాలిన వాసన వస్తోంది. "అయ్యుండొచ్చు" అని దాన్ని జేబులో పెట్టుకున్నా.

వారం రోజులు వాడు ప్రతి జాయింటూ విప్పి మళ్లీ సోల్డర్ చేశాడు. నాకు నిద్ర పట్టలేదు. ఒక సీనియర్ దగ్గర 40 ఆంపియర్ల ఈఎస్‌సీ, వాట్‌మీటర్ అడిగి తెచ్చా. అదే మోటారు, అదే ప్రొపెల్లర్, మూడు సెల్స్ లైపో. ఫుల్ థ్రాటిల్‌లో 27 ఆంపియర్లు చూపించింది. ఎనిమిది అంగుళాల ప్రొపెల్లర్ పెడితే 16కి దిగింది. ఈఎస్‌సీ ఎంత కరెంటు మోయాలో మోటారు ఒక్కటే చెప్పదు. బ్యాటరీ వోల్టేజీ, ప్రొపెల్లర్ కూడా కలిసి చెప్తాయి. మీటర్‌లో వచ్చిన అంకె మీద కనీసం పావు వంతు ఎక్కువ మోసేది కొనాలి.

ఆ రాత్రి కాలిపోయిన ఈఎస్‌సీ వాడి ముందు పెట్టి అంతా చెప్పేశా. తిడతాడనుకున్నా. వాడు చాలాసేపు దాన్నే చూసి, "వారం నుంచి నా చేతుల్ని నేనే అనుమానించుకుంటున్నా కదరా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు 30 ఆంపియర్లది పెట్టాం. ఎనిమిది అంగుళాల ప్రొపెల్లర్‌కి మార్చాం. ఈఎస్‌సీకి గాలి తగిలేలా ముందొక కన్నం, వెనకొక కన్నం కోశాం. విమానం బాగానే ఎగురుతోంది. ఎగరేసే ముందు ప్రతిసారీ వాడు "మీటర్ పెట్టి చూశావా?" అని అడుగుతాడు. చూశానని చెప్పి ఊరుకోను. అంకె చూపిస్తా.