బీరు కాయడం నేర్చుకొచ్చావంట గదా అన్నవాళ్ళకి

అమెరికా నుంచి వచ్చి ఇరవై రోజులైంది. వత్సవాయి సెంటర్లో టీ కోసం ఆగితే చాలు, "ఏం బాబాయ్, కొడుకు దగ్గర బీరు కాయడం నేర్చుకొచ్చావంట గదా" అని ఒకటే నవ్వులు. నేర్చుకున్న మాట నిజమే. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా. పోస్టు పెద్దదే, తీరిగ్గా చదవండి.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మా మామగారు, అంటే మా ఆవిడ వాళ్ళ నాన్న, సారా ప్యాకెట్ల కాలంలో రెండెకరాల చేను పోగొట్టుకున్నాడు. మనిషి కూడా ఎక్కువ కాలం దక్కలేదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడటం, 1993 అక్టోబరులో సారా ఆపడం, 1995 సంక్రాంతప్పుడు మొత్తం మందు ఆపడం, 1997లో మళ్ళీ తెరవడం, ఇవన్నీ మా ఆవిడకి పెళ్ళిరోజు కంటే బాగా గుర్తు.

అట్టాంటి మనిషి డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో కొడుకు గ్యారేజీ తలుపు తీసింది. లోపల పెద్ద స్టీలు గిన్నె, గొట్టాలు, ఒక మూట బార్లీ. ఏందిరా ఇది అంటే, "బీరమ్మా, ఇంట్లోనే గింజల నుంచి చేద్దామని. ఇదే మొదటిసారి" అన్నాడు. ఇక్కడ 1978లోనే చట్టం చేశారు, ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే 750 లీటర్ల దాకా చేసుకోవచ్చు, అమ్మకూడదంతే అని నచ్చజెప్పబోయాడు. "మీ తాత తాగింది కూడా గవర్నమెంటు పాట పెట్టిన సారానేరా" అని లోపలికి పోయింది. రెండు రోజులు వాడితో మాట లేదు.

నేను మాత్రం శనివారం గ్యారేజీలోకి వెళ్ళాను. మందు మీద మోజుతో కాదు, ఆ గింజ చూద్దామని. బార్లీని నానబెట్టి, మొలక తెప్పించి, ఆరబెట్టి ఎండిస్తే మాల్టు. మనం రాగి మాల్టుకి రాగులు మొలక కట్టినట్టే. మొలకెత్తే గింజ తనలో ఉన్న పిండిని తీపిగా మార్చుకునే సరుకు తనే తయారు చేసుకుంటుంది, మొక్క తినడానికి. సరిగ్గా ఆ టైముకి ఎండబెట్టి ఆపేస్తారు. మళ్ళీ వేడినీళ్ళలో వేస్తే ఆ పని మొదలవుతుంది.

నాలుగున్నర కిలోల మాల్టు మరలో పట్టాం. పిండి కాకూడదు. తిరగల్లో కందులు పప్పు చేసినట్టు గింజ పగలాలి, పొట్టు పొట్టుగా ఉండాలి. తర్వాత నీళ్ళు వడకట్టేటప్పుడు ఆ పొట్టే జల్లెడ. నీళ్ళు 72 డిగ్రీలకి కాచి మాల్టులో పోస్తే 66కి దిగుతుంది. ఆ వేడి మీద గంటసేపు మూతేసి ఉంచాలి. వేడి మరీ ఎక్కువైతే ఆ సరుకు చచ్చిపోతుంది, బాగా తగ్గితే పని నత్తనడక.

మనవాడికి ఒక ఆశ పుట్టింది. "మన జొన్నలు కూడా వేద్దాం నాన్నా" అని ఇండియన్ షాపులో కిలో తెచ్చాడు, మొలక కట్టబోయాడు. ఆగరా అన్నాను. జొన్న నాము తిని గేదె పడిపోవడం మనకి తెలుసు గదా, ఆ విషం మొలకలో కూడా ఉంటుంది. వాడు ఫోన్లో చూసి నిజమే అన్నాడు. ఆఫ్రికాలో తరతరాలుగా జొన్న బీరు చేసుకుంటారంట. నైజీరియా 1988లో బయటి బార్లీ మాల్టు రానివ్వకపోతే పెద్ద కంపెనీలు కూడా జొన్నకి మళ్ళాయంట. సరే, మొలక లేకుండా జొన్న రవ్వే మాల్టులో కలిపాం.

గంటయ్యాక చుక్క అయోడిన్ వేశాడు. నల్లబడింది. అంటే పిండి ఇంకా పిండిగానే ఉంది. ఇంకో అరగంట ఆగినా అంతే. వాడి మొహం చిన్నబోయింది. వాసనకో ఏమో మా ఆవిడ తలుపు దగ్గరికొచ్చి, కాస్త తీసి వేళ్ళతో నలిపి, "జొన్న ఉడకందే ఎట్టా మెత్తబడుద్దిరా" అంది. రెండు రోజుల తర్వాత కొడుకుతో అన్న మొదటి మాట అదే.

నిజంగా కిటుకు అదే. బార్లీ పిండి ఆ వేడికే మెత్తబడుతుంది. జొన్నకి అది చాలదు, ముందే ఉడకాలి. మరుసటి శనివారం తనే జొన్న రవ్వని సంకటిలా గంటసేపు ఉడికించి ఇచ్చింది. "మీ తాగుడు కోసం కాదు, గింజ పాడైపోతుంటే చూడలేక" అంది. దాన్ని చల్లార్చి బార్లీ మాల్టులో కలిపాం. ఈసారి అయోడిన్ రంగు మారలేదు. వడకట్టిన నీళ్ళు బెల్లం పానకమే.

దాన్ని హాప్స్ అనే చేదు పువ్వుతో గంట మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపి, గాలి బయటికి పోయే మూతపెట్టి రెండు వారాలు ఉంచాలి. పాల క్యాను కడిగే శుభ్రత లేకపోతే మొత్తం పులిసిపోద్ది. మన పాలకేంద్రంలో లాక్టోమీటరు లాంటిదే ఒకటి ముంచి చూస్తారు. మొదట 1.048, చివర్లో 1.010 చూపించింది. ఆ తేడాని బట్టి మందు ఐదు శాతం. తర్వాత కాస్త పంచదారతో సీసాల్లో పోసి ఇంకో రెండు వారాలు.

నాకు బాధనిపించింది పిప్పి దగ్గర. తడిపిప్పి తట్టెడు చెత్తడబ్బాలో పోశాడు. హైదరాబాదు చుట్టుపక్కల పాడి రైతులు బీరు పొట్టని డబ్బులిచ్చి కొంటారు. తాజాగా పెట్టాలి, రెండు రోజులుంటే బూజు పడుద్ది.

నేను అరగ్లాసు తాగా. చేదు, నాకు పడలేదు. మా ఆవిడ వాసన చూసి పక్కన పెట్టింది. ఎన్ని సీసాలు చేశాడో, ఎన్ని అయ్యాయో కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించమంది. ఇప్పుడు ప్రతి ఆదివారం వీడియో కాల్లో ముందు ఆ కాగితం చూపించాల్సిందే. వాడు లెక్క తప్పట్లేదు. "మా నాన్న కూడా మొదట్లో లెక్కలోనే తాగాడు" అంటుంది తను. నా దగ్గర దానికి జవాబు లేదు. పనితనం చూస్తే కొడుకు మీద ముచ్చటేసింది, ఆ మాట వింటే భయమేసింది. రెండూ నిజమే.

కాబట్టి నన్ను చేసిపెట్టమని అడక్కండి. ఇక్కడ ఇంట్లో చేస్తే కేసే. తరవాణి చేస్తా, కావాలంటే రండి. మీ ఇళ్ళల్లో తరవాణి కుండ ఎప్పటిదాకా ఉందో కింద రాయండి. ఉంటాను.