అత్తయ్యగారితో అడవిలో ఒక రాత్రి

"టెంటులో పడుకోడానికి డబ్బులెట్టి వెళ్ళడం ఏంట్రా? ఇల్లు లేదా మనకి?"

క్రిస్మస్ సెలవులకి మారేడుమిల్లి అడవిలో గుడారం వేసుకుని ఉందామని మావారు అనగానే అత్తయ్యగారన్న మాట ఇదండీ. తర్వాత మెల్లగా వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించి నన్ను అడిగారు. "అక్కడ ఆడాళ్ళకి చాటు ఉంటుందా అమ్మాయ్?"

మావారికి ఆ సంగతే తట్టలేదు. ఫోన్ చేయించాను. తడికలు కట్టి ఉంచామన్నారట. సరే, బయలుదేరాం.

మా అల్లవరంలో కొండ మాట అటుంచండి, ఇల్లు కట్టాలంటే కంకర కూడా లారీలో రావాల్సిందే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టేదాకా మాదీ మారేడుమిల్లిదీ ఒకటే తూర్పు గోదావరి. అయినా అరవై ఏళ్ళు వచ్చినా ఆవిడ రాజమండ్రి దాటి అటువైపు ఎప్పుడూ వెళ్ళలేదు. గోకవరం దాటి, రంపచోడవరం వెళ్ళాక రోడ్డు మెలికలు తిరగడం మొదలెట్టేసరికి నా చెయ్యి పట్టుకున్నారు.

కారు ఆగిన చోటు నుంచి కొంచెం నడవాలి. వాగు ఒడ్డున నాలుగు గుడారాలు. అటవీశాఖ కింద ఉండే వన సంరక్షణ సమితి కుర్రాళ్ళు చూసుకుంటున్నారు, అందరూ పక్క గూడెం కొండరెడ్లే. కరెంటు లేదు, ఫోన్‌కి సిగ్నల్ లేదు. వాడకానికి వాగు నీళ్ళు, తాగడానికి మేం తెచ్చుకున్న క్యాన్లు. ఏజెన్సీలో మలేరియా భయం కదా, అందరికీ ఒళ్ళంతా ఓడోమాస్ పట్టించాను. మా పిల్లలు మాత్రం ఫోన్ పనిచెయ్యదని తెలిసిన పావుగంటకి ఫోనే మర్చిపోయారు!

వంట కూడా ఆ కుర్రాళ్ళదే. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద తిప్పుతూ కాల్చారు. చుక్క నూనె వెయ్యలేదు. మావారూ, మా అబ్బాయీ బిందెలతో నీళ్ళు మోశారు. నేను ఊరికే కూర్చున్నాను. పెళ్ళయిన పదమూడేళ్ళలో పొయ్యి దగ్గర నేను ఊరికే కూర్చోవడం అదే మొదటిసారేమో.

అప్పుడు చూశానండి అత్తయ్యగారి నీళ్ళ సీసా. పొద్దున్న ఇంట్లో నింపి ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది. అసలే షుగర్ మనిషి. తాగమంటే "దాహం లేదులే" అన్నారు.

రాత్రి పిల్లలు, మావారు ఒక గుడారంలో, మేమిద్దరం ఒక దాంట్లో. చలి. పైన గుడ్డ గాలికి టపటపా కొట్టుకుంటోంది. ఆవిడకి నిద్ర పట్టలేదని ఊపిరిని బట్టే తెలుస్తోంది.

"ఈ చప్పుడు విని ఎన్నాళ్ళయిందో," అన్నారు.

1996 నవంబరు 6, దీపావళికి నాలుగు రోజుల ముందు. కోనసీమ వాళ్ళకి ఆ తుఫాను గురించి నేను చెప్పక్కర్లేదు. వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. మా వాళ్ళ పెంకుటిల్లు కూలిపోయింది. సాయంగా ఇచ్చిన టార్పాలిన్‌ని రెండు కొబ్బరి మొండేలకి కట్టి కాపురం. మా ఆడపడుచు పుట్టింది పన్నెండో రోజున, దాని కిందే. ఇంట్లో అందరూ దాన్ని "తుఫాను పిల్ల" అని ఏడిపిస్తారు. నేనూ నవ్వేదాన్ని. పురుడెలా జరిగిందో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

"చుట్టూ మగాళ్ళే. ఎటు చూసినా బయలే, చెట్టన్నది నిలబడితేగా. నలుగురాడాళ్ళు చీరలు అడ్డం పట్టుకున్నారు. తెల్లారేదాకా అవ్వలేదు. చేతులు నొప్పెట్టి వంతులేసుకున్నారు పాపం," అన్నారు. కాసేపాగి, "పురుడు సరే, అది ఒక్క రాత్రి. ఆ తర్వాత నెలన్నర నేను మంచినీళ్ళు సరిగ్గా తాగలేదే. తాగితే వెళ్ళాలి కదా. ఎక్కడికెళ్తాం? చీకటి పడేదాకా ఓర్చుకోవడమే. పాలు కూడా సరిగ్గా పడలేదు దానికి. మీ మావయ్యకి ఏమని చెప్పను?"

నాకేం మాట్లాడాలో తెలియలేదు. చెయ్యి పట్టుకున్నాను. కాసేపటికి ఆవిడే, "వెళ్ళాలే," అన్నారు.

టార్చి పట్టుకుని వెళ్ళాం. తడికలు మూడు వైపులా బాగానే ఉన్నాయి, నాలుగో వైపు మాత్రం వేలాడుతున్న గోనెపట్టా, అదీ మోకాళ్ళ పైకే. దుప్పటి విప్పి రెండు చేతులా చాపి, అటు తిరిగి నిలబడ్డాను. వాగు చప్పుడు తప్ప ఏం లేదు. "చేతులు నొప్పెడతాయే," అన్నారు లోపల్నుంచి. ఇద్దరికీ నవ్వొచ్చింది.

పొద్దున్నే ఆవిడ టీ అడిగి రెండుసార్లు తాగారు. చెంబుడు నీళ్ళు కూడా. ఎండ పడ్డాక వాగులో కాళ్ళు పెట్టుకుని పిల్లల్తో కూర్చున్నారు.

ఇలాంటి చోటికి వెళ్ళే ఆడవాళ్ళు ముందే ఫోన్ చేసి, "ఉందా" అని కాదు, "తలుపుందా, గడియుందా, గుడారానికి ఎంత దూరం" అని అడగండి. ఒక ముదురు రంగు దుప్పటి, రెండు టార్చిలు, క్లిప్పులు పట్టుకెళ్ళండి. వచ్చేముందు గోనెపట్టా సంగతి ఆ కుర్రాళ్ళతో చెప్తే, తలుపు తడిక అల్లి పెడతామన్నారు. అడిగిన ఆడవాళ్ళే లేరట!

తిరుగు ప్రయాణంలో రంపచోడవరం దగ్గర సిగ్నల్ వచ్చింది. అత్తయ్యగారు నా ఫోన్ తీసుకుని ఆడపడుచుకి చేశారు. రాత్రి మాటలేవీ ఎత్తలేదు. "తిన్నావా? నీళ్ళు బాగా తాగుతున్నావా?" అని అడిగారంతే. "ఏంటమ్మా, అడివిలోంచి ఫోన్ చేసి ఇదా?" అని అది అవతల నవ్వుతోంది.