రాత్రి నేను మూసిన నల్లా

నల్లాలో నీళ్ళు రాకపోవడం మనకు కొత్త సంగతి కాదు. షోలాపూర్‌లో మన పేటల్లో పుట్టి పెరిగినవాళ్ళకు నల్లా వచ్చిన రోజే పండుగ. ఉజని డ్యాము నీళ్ళు అంత దూరం పైపుల్లో ప్రయాణం చేసి ఊరికి రావాలి, టాకీ నిండాలి, మన గల్లీ వంతు రావాలి. మూడు రోజులకో నాలుగు రోజులకో ఆ వంతు వస్తది. ఆ పూట ఇంట్లో ఉన్న డ్రమ్ము, బకెట్, బిందె, చివరికి చెంబులు కూడా నిండాల్సిందే. కారే నల్లాను చూస్తే మన చెయ్యి దానంతట అదే పోయి బిగిస్తది.

కానీ నల్లా పైపు నిండా నీళ్ళుండి కూడా ఒక్క చుక్క బయటికి రాకపోవడం నేను అరవై ఆరేళ్ళ వయసులో చూశాను. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇందులో నా తప్పు ఒకటుంది. దాన్ని చాలా రోజులు కడుపులోనే పెట్టుకున్నాను.

నేను మిల్లులో బాయిలర్ ఖాతా ఫిట్టర్‌ని. పందొమ్మిదో ఏట బద్లీ కింద చేరాను. సైజింగ్ ఖాతాకు, రంగు ఖాతాకు ఆవిరి పోయే పైపులన్నీ మా చేతుల మీద నడిచేవి. మిల్లు మూతపడ్డాక టవెల్ కార్ఖానాల్లో అదే పని చేసుకుంటూ వచ్చాను. మా ఆమె బీడీలు చుట్టింది. ఇద్దరి సంపాదన కలిపి కొడుకును చదివించాం. వాడిప్పుడు అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో డాలస్ దగ్గర ఉంటాడు.

2020 జనవరిలో కోడలి కాన్పుకని వెళ్ళాం. ఆర్నెల్లు ఉండి వద్దామనుకున్నాం. ఇంతలో కరోనా వచ్చింది, విమానాలు బందయినయి. తర్వాత నడిచినా, ఈ వయసులో ప్రయాణం వద్దని కొడుకు ఆపేశాడు. కాగితాల గడువు పెంచుకుంటూ అక్కడే ఉండిపోయాం. అట్లా 2021 ఫిబ్రవరి వచ్చేసరికి మనవరాలికి ఏడాది నిండింది.

డాలస్ అంటే మంచు దేశం అనుకోకండి. అక్కడి ఎండాకాలం మన షోలాపూర్‌కు తమ్ముడే. ఇళ్ళు కూడా ఎండకు తట్టుకునేట్టు కట్టినవి. నీళ్ళ పైపులు బయటి గోడల్లోంచి, అటక మీది నుంచి పోతయి. వాటికి కప్పు పలచన. చలి ఎక్కువుండే ఉత్తరాది రాష్ట్రాల్లో వేసినంత జాగ్రత్తగా ఇక్కడ వేయరు. ఏటా అంత చలి రాదు కనుక ఎవరికీ పట్టింపు లేదు.

ఆ ఏడాది వచ్చింది. ఫిబ్రవరి 14 ఆదివారం మంచు మొదలైంది. ముందే అందరి ఫోన్లకు కబుర్లు వచ్చినయి: బయటి గోడకున్న నల్లాలు సన్నగా కారనివ్వండి, సింకు కింది అలమార తలుపులు తెరిచి పెట్టండి, ఇంట్లో వేడి పైపులకు తగలాలి అని. కొడుకు వంటింటి నల్లాను దారంలాగా వదిలాడు. మా ఆమెకు అది నచ్చలేదు. ఆమె తన పని తాను చేసింది. స్నానాల తొట్టి, బకెట్లు, గిన్నెలు, కుక్కర్లు అన్నీ నింపింది.

"అవ్వా, ఇది షోలాపూర్ కాదే, ఇరవై నాలుగు గంటలు నీళ్ళొస్తయి" అని వాడు నవ్వాడు.

"ఉండనీ బిడ్డా, నీళ్ళేమన్న అన్నం అడుగుతయా?" అంది.

అదే రాత్రి పొద్దుపోయాక కరెంటు పోయింది. చలికి కరెంటు వాడకం పెరిగింది, అదే చలికి కరెంటు తయారుచేసే యంత్రాలు, గ్యాసు లైన్లు కూడా ఆగిపోయినయి. రాష్ట్రం మొత్తం మీద 45 లక్షల ఇళ్ళకు, దుకాణాలకు కరెంటు పోయిందని తర్వాత లెక్క చెప్పారు. మా ఇంటి హీటరు నడిచేది గ్యాసు మీదే గానీ, వేడి గాలి ఊదే ఫ్యానుకు కరెంటు కావాలి. కరెంటు లేక అదీ ఆగింది.

సోమవారం రోజంతా కరెంటు రాలేదు. ఇల్లు గంట గంటకూ చల్లబడింది. మాట్లాడితే నోట్లోంచి పొగ వచ్చేది. మేం పోయేటప్పుడు సూట్‌కేసులో నాలుగు షోలాపురి చద్దర్లు, డజను టవెళ్ళు పట్టుకుపోయాం, కోడలి తరఫు వాళ్ళకు ఇద్దామని. కరోనా వల్ల ఎవరింటికీ పోలేదు, అవి అట్లాగే ఉన్నాయి. ఆ రాత్రి అవే అక్కరకొచ్చినయి. వంటింటి పక్క గదిలో అందరం ఒక్క చోట పడుకున్నాం. పాపను కోడలు, మా ఆమె మధ్యలో పెట్టుకుని మీద రెండు చద్దర్లు కప్పారు.

నాకు నిద్ర పట్టలేదు. ఇల్లంతా చడీచప్పుడు లేదు. వంటింట్లోంచి మాత్రం నల్లా చప్పుడు. నీళ్ళు సింకులో పడి పోతున్నయి. రాత్రంతా ఎన్ని బిందెలు పోతయో మనసు లెక్క వేయడం మొదలుపెట్టింది. పద్నాలుగు బిందెలు, పదిహేను బిందెలు. మా అమ్మ తెల్లవారుజామున నల్లా దగ్గర వరసలో బిందె పెట్టి కూర్చునేది. ఆమె ముఖమే కళ్ళ ముందు తిరిగింది. లేచి పోయి నల్లా మూసేశాను. బాగా బిగించాను.

వచ్చి పడుకుంటుంటే మా ఆమె నిద్రలోనే అడిగింది, "మూసినవా?"

"మూసిన" అన్నాను.

"మంచిగ చేసినవ్" అంది.

మంగళవారం తెల్లారక ముందే లేచాను. ఎవరూ లేవలేదు. నల్లా తిప్పితే చుక్క రాలేదు. ఇంకా తిప్పాను. ఏమీ లేదు. అట్లాగే తెరిచి వదిలి వచ్చి పడుకున్నాను, రాత్రంతా అది తెరిచే ఉన్నట్టు. ఆ రోజు డాలస్‌లో చలి మైనస్ 19 డిగ్రీల దాకా దిగింది.

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి, మన పిల్లలు ఎంతోమంది చలి దేశాలకు పోతున్నారు కనుక. నీళ్ళు గడ్డకడితే తగ్గవు, పెరుగుతయి. వంద లీటర్ల నీళ్ళు మంచయితే దాదాపు నూటతొమ్మిది లీటర్ల చోటు కావాలి. పైపు మధ్యలో మంచు కట్టి పెరిగిన కొద్దీ, ఆ మంచుకూ మూసిన నల్లాకూ నడుమ చిక్కిన నీళ్ళు పోవడానికి దారి ఉండదు. వాటి ఒత్తిడి ఇంతకింత పెరిగి పైపును చీలుస్తది. నల్లా సన్నగా కారుతుంటే ఆ ఒత్తిడి బయటికి పోతది. అంటే కారే నల్లా దండగ కాదు, అది బాయిలర్ మీద సేఫ్టీ వాల్వు లాంటిది. ఏళ్ళకేళ్ళు పాళీకొకసారి సేఫ్టీ వాల్వు పరీక్ష చేసిన మనిషిని, ఆ రాత్రి నా చేత్తో దాన్నే మూసిపెట్టాను. ఈ లెక్క నాకు తెలియక కాదు. బిందెల లెక్క ముందొచ్చింది, ఈ లెక్క వెనక పడ్డది.

పొద్దున కొడుకు లేచి చూసి కంగారు పడ్డాడు. "లైటర్ పెట్టి పైపు వేడి చేద్దామా బాపూ?" అన్నాడు. వద్దన్నాను. గోడ లోపల కట్టె ఉంటది, మంట అంటుకుంటే ఇల్లే పోతది. పొయ్యి అగ్గిపుల్లతో వెలిగింది. నీళ్ళు కాచి, టవెళ్ళు ముంచి పిండి, సింకు కింది పైపుకు చుట్టాం. నల్లా తెరిచి పెట్టి, నల్లా వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి పోవాలి. నడుమ నుంచి మొదలుపెడితే కరిగిన నీటికి దారి దొరకదు. పూటంతా చేశాం. గడ్డ గోడ లోపల ఎక్కడో ఉంది, మా వేడి దాన్ని చేరలేదు.

ఆ రెండు రోజులు మమ్మల్ని కాచింది మా ఆమె నింపిన నీళ్ళే. మిగతా నల్లాలు కూడా చాలాసేపు సన్నబడ్డయి. ఆ నీళ్ళు వంటకు, పాప పాలకు. పాయఖానాకు మాత్రం మంచు బకెట్లతో తెచ్చి కరిగించి పోశాం. చాలా ఊళ్ళల్లో నీళ్ళు కాచి తాగమని చెప్పారు. చలికి ఓర్వలేక గరాజులో కారు ఇంజన్ పెట్టుకుని, ఇంట్లో బొగ్గులు రాజేసుకుని విషవాయువుతో పోయినవాళ్ళు ఉన్నారు. ఆ చలిలో రాష్ట్రంలో 246 మంది చనిపోయారని సర్కారు తర్వాత చెప్పింది. దేశం గొప్పదైనా, కరెంటు పోతే మనిషి మనిషే.

బుధవారం సాయంత్రం కరెంటు వచ్చింది. హీటరు ఊదుతుంటే పాప చప్పట్లు కొట్టింది. అందరి ముఖాల్లో కళ. నాకు మాత్రం భయం మొదలైంది. చీలిన పైపు గడ్డకట్టి ఉన్నంత సేపు కారదు. గడ్డ కరిగినాకే కారుతది.

రెండు గంటలకు గోడలోంచి చప్పుడు వచ్చింది. ఆవిరి పైపు ప్యాకింగ్ పోయినప్పటి చప్పుడు. ఆ తర్వాత అలమార కిందినుంచి నీళ్ళు కట్టె నేల మీదికి దూకినయి. కోడలు పాపను ఎత్తుకుని మెట్లెక్కింది. కొడుకు ఇంట్లో అటూ ఇటూ ఉరుకుతున్నాడు, మెయిన్ వాల్వు ఎక్కడుందో వాడికి తెలియదు.

నాకు తెలుసు. ఏడాది పాటు పని లేక ఇంటి చుట్టూ తిరిగినవాణ్ణి. ఊరికే ఉండలేక, ఇంటి ముందు నేలలో ఉన్న మీటరు మూత ఎప్పుడో ఎత్తి చూసి పెట్టుకున్నాను. గరాజులోంచి పెద్ద పానా, పార తీసుకుని బయటికి పోయాను. అటెన్నో ఇటెన్నో అడుగులని గుర్తు, మంచు తోడితే మూత దొరికింది. బోర్లా పడుకుని చెయ్యి లోపలికి పెట్టి వాల్వు పావు చుట్టు తిప్పాను. లోపల చప్పుడు ఆగింది. లేచేసరికి వేళ్ళు నావి కానట్టున్నయి.

వంటింటి నేల సగం పాడయింది, గోడ తడిసింది. మిగతా ఇల్లు దక్కింది. మర్నాడు గోడ పలక కోసి చూస్తే రాగి పైపు చేప నోరు తెరిచినట్టు బెత్తెడు చీలింది. పాత సైకిల్ ట్యూబు కోసి మీద చుట్టి, క్లిప్పులతో బిగించి, వాల్వు కొంచెమే తెరిచి కాలం గడిపాం. మిల్లులో రాత్రి పాళీలో సామాను దొరకనప్పుడు అట్లాగే చేసేవాళ్ళం. ప్లంబర్లు ఎవరూ దొరకలేదు, పది రోజుల పైనే పట్టింది. బీమా కొంత ఇచ్చింది. కొడుకు చేతి నుంచి పడ్డది రూపాయల్లో చెప్తే, మిల్లులో నేను రెండేళ్ళకు తెచ్చిన జీతం కంటే ఎక్కువ.

ఆ నెలంతా వాడు స్నేహితులందరికీ ఫోన్లో చెప్పాడు. "మా బాపు లేకుంటే ఇల్లంత మునిగేది. బాపు మిల్లుల బాయిలర్ ఫిట్టర్." అంతకు ముందు వాడు ఎవరికైనా చెప్పేటప్పుడు బాపు టెక్స్‌టైల్స్‌లో చేశాడని అనేవాడు. నేను ఎన్నడూ ఏమీ అనలేదు. ఇప్పుడు ఫిట్టర్ అనే మాట వాడి నోట గర్వంగా వస్తుంటే విని, నల్లా సంగతి చెప్పడానికి నోరు రాలేదు. ఇవ్వాళ చెప్తా, రేపు చెప్తా అనుకుంటూనే విమానమెక్కి వచ్చేశాం.

ఇది రాయాలని కూర్చున్నాక, వాడి కంటే ముందు మీకు చెప్పడం న్యాయం కాదనిపించింది. మొన్న ఆదివారం ఫోన్ చేసి చెప్పాను. కాసేపు అవతల మాట లేదు.

"పక్కింటోళ్ళు నల్లా వదిలే ఉంచిండ్రు బాపూ. వాళ్ళదీ పగిలింది" అన్నాడు చివరికి.

అది నిజమో, నన్ను ఊరడించడానికి అన్నాడో నాకు తెలియదు. నేను అడగలేదు. మా ఆమె మాత్రం ఫోన్ లాక్కుని, "నేను గూడ మంచిగ చేసినవ్ అన్న బిడ్డా, ఒక్క మీ బాపుదే కాదు తప్పు" అంది. అవతల వాడు నవ్వాడు. ఆ నవ్వు విన్నాక నాకు అన్నం సహించింది.

అక్కలారా, అన్నలారా, మీ పిల్లలు చలి దేశంలో ఉంటే ఈ నాలుగు మాటలు చెప్పండి. ఇంట్లో దిగిన రోజే మెయిన్ వాల్వు ఎక్కడుందో చూసుకొమ్మనండి, ఒకసారి తిప్పి చూడమనండి. గడ్డకట్టే చలి వస్తే నల్లా సన్నగా వదలమనండి, నీళ్ళు కొన్ని పట్టి పెట్టుకొమ్మనండి. నల్లా ఆగిపోతే వేడి బట్టలు చుట్టమనండి, మంట పెట్టొద్దనండి. గడ్డ కరిగే పూట ఇల్లు విడిచి పోవద్దనండి. పెద్దవాళ్ళం మనం అక్కడికి పోతే, అక్కడి పద్ధతి ఎందుకో అడిగి తెలుసుకున్నాకే చెయ్యి పెట్టాలి.

ఇప్పుడు టీవీలో డాలస్ చలి అని వస్తే ముందు నేనే ఫోన్ చేస్తాను. "నల్లా వదిలినవా బిడ్డా?" అని అడుగుతాను. వదిలిన బాపూ అంటాడు. ఆ చప్పుడు వినబడాలని ఫోన్ సింకు దగ్గర పెడతాడు. ఇక్కడ మా గల్లీలో మాత్రం నీళ్ళు మళ్ళీ ఎల్లుండే.