దూరం ఎక్కువ.. ప్రయాణం తక్కువ!

విజయవాడ నుంచి హైదరాబాద్ ఎంత దూరమని అడిగి చూడండి. చాలామంది కిలోమీటర్లు చెప్పరు. 'ఐదు గంటలు' అంటారు. ఆ లెక్కే సరైందని 2016 డిసెంబరులో మా ఆవిడ అమెరికా ప్రయాణం నాకు నేర్పింది.

మా అమ్మాయి ఉండేది శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర. నెలలు నిండాయి. నాకేమో సెలవు దొరకలేదు. అంతవరకూ విమానం ఎక్కని మనిషి ఒంటరిగా బయల్దేరింది. 'అన్ని గంటలు కూర్చోగలనా?' అన్నది పైకి చెప్పిన బెంగ. 'పురుడు వేళకి చేరతానా?' అన్నది లోపలి బెంగ.

గ్లోబు మీద దారం పెట్టి కొలిస్తే ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో సుమారు 12,400 కిలోమీటర్లు. కానీ విమానాలు దారం వెంట వెళ్లవు. 2015 డిసెంబరులో ఎయిరిండియా ఈ సర్వీసు మొదలుపెట్టినప్పుడు పడమరగా, అట్లాంటిక్ మీదుగా దాదాపు 13,900 కిలోమీటర్లు నడిపింది. 2016 అక్టోబరులో దారి మార్చి, తూర్పుగా పసిఫిక్ మీదుగా పంపింది. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది. ప్రయాణం మాత్రం సుమారు రెండు గంటలు తగ్గి, పద్నాలుగున్నర గంటలకు వచ్చింది!

కిటుకంతా గాలిలోనే ఉంది. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలులు నదిలా పారుతుంటాయి. ఎదురుగాలిలో సైకిలు తొక్కినవాళ్లకు సంగతి తెలుసు. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో ఎగిరే విమానానికి 24 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే 776 కిలోమీటర్లే ముందుకు సాగుతుంది. అదే 138 కిలోమీటర్ల గాలి వెనక నుంచి తోస్తే 938 కిలోమీటర్లు వెళ్తుంది.

ఆదివారం తెల్లవారుజామున ఢిల్లీలో ఎక్కిన మా ఆవిడ, దిగగానే ఫోన్ చేసింది. 'ఏవండీ, ఇక్కడ ఇంకా ఆదివారం పొద్దున్నే!' అంది. పసిఫిక్‌లో దినరేఖ దాటడం వల్ల వచ్చిన చిత్రమది. విజయవాడలో మా గుమ్మం నుంచి అమ్మాయి గుమ్మానికి మాత్రం ముప్ఫై గంటల పైనే పట్టింది. గాలి మిగిల్చిన రెండు గంటలూ ఢిల్లీలో నిరీక్షణే మింగేసింది. అయినా వేళకే చేరింది. మంగళవారం మనవరాలు పుట్టింది.

ఇలాంటి దారులు శాశ్వతం కావు. గాలినిబట్టే కాదు, దేశాల మధ్య తగవులనుబట్టీ మారతాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేయడంతో ఢిల్లీ నుంచి పడమరకెళ్లే సర్వీసులు చుట్టు తిరగాల్సి వచ్చింది. అందుకే టికెట్ కొనేముందు కిలోమీటర్లు కాదు, గంటలు చూడండి. మధ్యలో ఆగే సమయాన్నీ కలుపుకోండి.

అన్నట్టు, తిరుగు ప్రయాణంలో విమానం అట్లాంటిక్ మీదుగా వచ్చింది. అంటే వెళ్లేటప్పుడూ తూర్పే, వచ్చేటప్పుడూ తూర్పే! ఆ మాట చెబితే మా ఆవిడ నవ్వి, 'మనవరాలి కోసం భూప్రదక్షిణం చేశానన్నమాట' అంది.