సమాధుల తోటలో వేసవికాలము

సమాధుల దొడ్డి యనగానే మనకు స్ఫురించునవి తుమ్మకంపలు, నాగజెముడు డొంకలు, విరిగిన ప్రహరీగోడ. ఆప్తులను సాగనంపుటకు పోవుదుము. పని ముగిసినంతనే మరలి వత్తుము. సందెవేళ పిల్లలా త్రోవను నడువరు. ఇట్టి మనకు, జనులు చెట్లను పిట్టలను చూచుటకై కోరి పోవు సమాధుల తోట యొకటి కలదన్నచో వింతగా నుండక మానదు. అట్టి తోట నొకదానిని మేము చూచితిమి. దానిని గూర్చి మా చిన్న తమ్ములకును చెల్లెండ్రకును, వారి తలిదండ్రులకును నాలుగు మాటలు విన్నవింపదలచితిమి.

అమెరికా దేశమున, బోస్టను నగరమునకు చేరువనున్న కేంబ్రిడ్జి, వాటర్‌టౌను పురముల సరిహద్దున ఈ తోట యున్నది. దాని పేరు మౌంట్ ఆబర్న్. 2023వ సంవత్సరము వేసవిలో మే మన్నదమ్ముల మిరువురమును అమ్మగారిని వెంటబెట్టుకొని అచ్చట కాపురమున్న మా అక్కగారి యింటికి పోయితిమి. అంతకు ముందటి యేడు నాయనగారు గతించిరి. నాటినుండి అమ్మగారు పెరటిలోని మల్లెపాదునకైనను నీరు పోయుట మానిరి. సమాధియొద్దకు పోదమన్నచో మాటలేక తల యడ్డముగా నూపెడివారు. అక్కగారి యింటికి దగ్గరలో నీడగల చోటు ఆ తోటయే యగుటచే, సాయంకాలములందు ఆమెను మెల్లగా అచ్చటికి నడిపించుకొని పోవుచుంటిమి.

ఆ తోట పుట్టుక వినదగినది. పూర్వము బోస్టను ప్రజలు పట్టణము నడుమనున్న ఇరుకు స్థలములలో మృతులను పాతిపెట్టెడివారు. స్థలము చాలక పోయెను. జనుల యారోగ్యమునకు హాని కలుగునను భయమును పెరిగెను. జేకబ్ బిగెలో అను నొక వైద్యుడు, మొక్కల శాస్త్రమునందును పండితుడు, ఊరి వెలుపల చెట్ల నడుమ సమాధి స్థలముండవలెనని తలచి, 1825లో కొందరను తన యింట సమావేశపరచెను. మసాచుసెట్స్ ఉద్యానకృషి సంఘము తోడ్పడగా 1831లో 72 ఎకరములతో తోట యేర్పడెను. నేడది 175 ఎకరములు. ఆ సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీన జరిగిన ప్రతిష్ఠా సమయమున జోసెఫ్ స్టోరీ అను న్యాయమూర్తి, చెట్లు క్రమ్మిన యొక పల్లపు లోయలో నిలిచి ప్రసంగించెను. ఆ యేటనే ఆయన తన చిన్న కుమార్తెను పోగొట్టుకొని యుండెను. పిమ్మట ఇతర నగరములవారు ఈ తోటను చూచి యిట్టివి నిర్మించుకొనిరి: ఫిలడెల్ఫియాలో 1836లో లారెల్ హిల్, బ్రుక్లిన్‌లో 1838లో గ్రీన్‌వుడ్.

మన వేసవికిని వారి వేసవికిని పొంతన లేదు. మనకు వేసవి యనగా పచ్చిక మాడి, చెరువు బీటలు వారు కాలము. అచ్చట చలికాలమున మోడులై నిలిచిన చెట్లకు నిండు పచ్చదనము వచ్చునది వేసవిలోనే. ఆ తోటలో ఐదువేలకు పైగా చెట్లు గలవు. బాటలకు చెట్ల పేర్లును, కాలిదారులకు పొదల పేర్లును, పూల పేర్లును పెట్టిరి. జూను నెలలో కెటాల్పా చెట్టు తెల్లని పూలగుత్తులను రాల్చును. పిదప లిండెను చెట్లు పూచినపుడు కొమ్మలనిండ తేనెటీగల రొదయే. మడుగులలో తాబేళ్లు దుంగలపై నెక్కి యెండ కాగుచుండును. పెద్దకప్పలు ఆబోతువలె రంకె వేయును. తూనీగలు నీటిపై ముసరుచుండును. గుట్టపైని 62 అడుగుల రాతిగోపుర మెక్కినచో ఈ పచ్చదనమంతయు, దాని కావల బోస్టను నగరమును కానవచ్చును.

క్లెత్రా యనునది తెల్లని వెన్నులు తీసి సువాసన వెదజల్లు పొద. వేసవి చివర పూచును. దాని పేరు గల కాలిదారిలో హేరియట్ జేకబ్స్ సమాధి యున్నది. ఆమె బానిసగా పుట్టి, యజమానుని బాధకు ఓర్వలేక ఇంటికప్పు క్రింది యిరుకుచోట సుమారు ఏడేండ్లు దాగి, తుదకు స్వేచ్ఛ పొంది, 1861లో తన కథను గ్రంథముగా ప్రకటించెను, 1897లో గతించెను. అక్కగారీ సంగతి చెప్పగా అమ్మగారు ఆ రాతి ముందర చాలసేపు నిలిచి, "నిలువ చోటు లేని తల్లికి ఎంత నీడ దొరికినది!" అనిరి.

ఈ నీడ తనంతట నిలిచినది కాదు. 1938 సెప్టెంబరులో వచ్చిన గాలివాన ఇచ్చట వందలకొలది చెట్లను పడగొట్టెను. తెగులు సోకి ఎల్ము చెట్లు ఎన్నియో చచ్చెను. మృతులను కాచుటకు నాటిన చెట్లును మృతి చెందునవే. తోటవారు పడినచోట మరల నాటుచు వచ్చిరి.

ఒకనాటి సాయంకాలము ఒక వృద్ధుడు చిన్న రాతియొద్దనున్న యెఱ్ఱపూల మొక్కకు నీరు పోయుచుండెను. అక్కగారు పలుకరింపగా, అది తన భార్య సమాధి యనియు, ఎండలలో రెండు దినములు రాకున్న మొక్క వాడిపోవుననియు, కావున తాను రాక తప్పదనియు చెప్పెను. అక్కగారు తెలుగున చెప్పగా అమ్మగారు విని యేమియు పలుకలేదు. అతని ఖాళీడబ్బాను పుచ్చుకొని కుళాయియొద్దకు పోయి నింపి తెచ్చిరి. నాయనగారు గతించిన పిదప ఆమె మొక్కకు నీరు మోయుట అదియే మొదలు.

మేము తిరిగి వచ్చునప్పటి కిచ్చట వానలు పడుచుండెను. అమ్మగారే దేవగన్నేరు కొమ్మ నొకదానిని తెప్పించి నాయనగారి సమాధి తలాపున నాటించిరి. అది యెంత యెండకైన తట్టుకొను చెట్టే గాని, వేరు లోతునకు దిగువరకు, మొదటి వేసవిలో నీరు కావలెను. ఏప్రిల్, మే నెలలలో ఆమె రెండు దినముల కొకసారి సందెవేళ చెంబు పట్టుకొని బయలుదేరుచుండిరి. ఇప్పుడా చెట్టు మా భుజముల యెత్తున్నది.

చదువరులారా, మీ యింటివారి సమాధులయొద్ద మొక్క నాటుటకు వానకాలము అనుకూలము. నీరు పోయవలసినది ఎండకాలమున. బడికి సెలవులును మన కా కాలముననే వచ్చును గదా. పోవునపుడు మీ యవ్వలను, అమ్మలను వెంటబెట్టుకొని పొండు.