అయిదుకు అయిదూ వచ్చిందా?

విజయవాడలో బి.ఎస్సీ. చదివే రోజుల్లో మాకు ప్రయోగశాలలో మురికిపట్టిన బెంజోయిక్ ఆమ్లం 5 గ్రాములిచ్చి శుద్ధి చేయమనేవారు. మరిగే నీటిలో కరిగించి, చిటికెడు బొగ్గుపొడి వేసి, వేడిమీదనే వడపోసేవాళ్ళం. ఇక నిదానంగా చల్లారాలి. బెజవాడ ఎండలకు అదే కష్టం! తొందరపడి ఐసులో పెడితే పొడిలా దిగేది. మలినమూ అందులోనే చిక్కుకునేది. ఓపికపడితే తెల్లని స్ఫటికాలు పేరుకునేవి. మలినం నీటిలోనే ఉండిపోయేది. ఆరబెట్టి వేడిచేస్తే, శుద్ధమైనది 122 డిగ్రీల దగ్గర చటుక్కున కరుగుతుంది. మలినముంటే ముందుగానే మెత్తబడుతుంది.

ఎంత జాగ్రత్తపడినా కొంత ఆమ్లం నీటిలో పోతుంది. 5కు 5 గ్రాములూ వచ్చాయని రాసినవాడితో మాస్టారు, "అయితే మురికినీ తూచావన్నమాట, నాయనా!" అనేవారు.

ఇప్పుడు మా పిల్లల మార్కులు చూసినప్పుడు, ఎన్ని వచ్చాయన్నదానికంటే ఎలా వచ్చాయన్నదే ముందు అడుగుతున్నాము. తల్లిదండ్రులారా, నిదానంగా ఎదిగే వ్యవధి వారికీ ఇద్దాం.