ఏ కాలు దించుతారు?

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌లో లోడు దిగే వేళ ఆ వీధిలో సైకిల్ తొక్కడం ఒక విద్య. లారీ వెనక లారీ, బస్తా కింద మనిషి, గాలికి ఎగిరే ఉల్లిపొరలు. ఆ విద్య నాకు వచ్చు గానీ ఆ రోజు మాత్రం సైకిల్ని నడిపించుకుంటూనే వెళ్ళాను. మూడు వారాలుగా నా ఎడంకాలు చెప్పాపెట్టకుండా పెడల్లోంచి ఊడొస్తోంది మరి.

నా సైకిలుకున్నవి షూని పట్టుకునే పెడళ్ళు. షూ అడుగున రెండు బోల్టులతో బిగించిన చిన్న ఉక్కుముక్క ఉంటుంది, క్లీటు అంటారు. పెడల్లో స్ప్రింగుతో పనిచేసే దవడ ఉంటుంది. క్లీటు ముక్కు దూర్చి పాదం అదిమితే టక్కుమని పట్టేస్తుంది, మడమ పక్కకి తిప్పితే వదిలేస్తుంది. ఇంతగా పట్టుకునే దానికి క్లిప్‌లెస్ అని పేరు పెట్టడం ఒక వింత. వెనకటి రేసు సైకిళ్ళకి పాదం ముందు భాగం దూర్చే ఇనప బుట్ట, తోలు పట్టీ ఉండేవి. వాటిని టో క్లిప్పులనేవారు. అవి పోయాయి గనక ఇది క్లిప్‌లెస్ అయింది. పోయినవాళ్ళ పేరు బతికున్నవాళ్ళకి పెట్టడం మనకీ ఉన్నదే.

మొదటిసారి ఊడింది గణపవరం అవతల. కొల్లేటి గట్లమీద పొద్దున్నే గూడబాతుల్ని చూసి వెనక్కొస్తున్నాను. ఈ ప్రాంతమంతా అరచెయ్యిలా చదును. ఎక్కడమంటూ ఉంటే కాలవ మీద వంతెనే. దాని మీదికి లేచి నిలబడి తొక్కుతుంటే ఎడంకాలు పైకి లాగే చోట ఒక్కసారిగా ఊడింది. మోకాలు వెళ్ళి హ్యాండిలుకి కొట్టుకుంది. వెనకే చేపల మేత లారీ. డ్రైవరు హారను కొట్టలేదు, బ్రేకు కొట్టాడు. అతనికి ఇప్పటికీ దణ్ణం పెడుతూనే ఉన్నాను.

ఇంటికొచ్చి నాకు తెలిసిన వైద్యం చేశాను. పెడలు వెనకవైపున్న చిన్న మరని ఎలెన్ కీతో బిగించాను. రెండు రోజులు బానే ఉండి మళ్ళీ ఊడింది. ఇంకాస్త బిగించాను. మళ్ళీ ఊడింది. ఓ పెద్దూళ్ళో సైకిళ్ళమ్మే షాపుకి ఫోన్ చేస్తే, పెడళ్ళు పోయాయి, కొత్తవి కొనుక్కోండి అన్నారు. చూడకుండానే చెప్పారు. ఎవరైనా చూసి చెబితే బావుండుననిపించి ఆ రోజు ఉల్లి మార్కెట్ మీదుగా, సైకిళ్ళు బాగుచేసే బాబాయ్ షాపుకి వచ్చాను.

షాపంటే వేపచెట్టుకి ఆనించిన రేకుల చూరు. పైన కొక్కేలకి టైర్లు, కింద పంక్చర్లు చూసే నీళ్ళ బేసిను, కిరసనాయిల్లో మునిగిన ఓ ఫ్రీవీలు. గంటల లెక్కన సైకిళ్ళు అద్దెకిచ్చిన రోజుల నుంచీ బాబాయ్ ఇక్కడే ఉన్నాడు. ఇప్పుడు అద్దె లేదు. 2015లో ఊళ్ళోకి ఎన్‌ఐటీ వచ్చాక గేర్ల సైకిళ్ళ కుర్రాళ్ళు మాత్రం వస్తున్నారు. వాళ్ళలో ఒకడు మూడు బోల్టుల పసుపు ప్లాస్టిక్ క్లీట్లేసుకుని ఊరంతా నడిచి, నెల్లోనే అరగదీసుకున్నాడట. "ఆటితో నడవకూడదంటండి. నడవనప్పుడు బూట్లెందుకో మరి" అన్నాడు బాబాయ్.

నా పెడల్ని ఆయన వెంటనే ముట్టుకోలేదు.

"ఏ కాలండీ?"

"ఎడమ."

"పెతీసారీ ఎడమేనా?"

"ప్రతిసారీ."

"తొక్కుతుంటే ఊడతందా, లాగుతుంటేనా?"

"లాగుతుంటేనే."

"లాగిన పెతీసారీ ఊడతందా?"

లేదు, ఒక్కోసారి ఎంత లాగినా పట్టే ఉంటుందన్నాను. దాంతో ఆయన ముఖంలో ఏదో కదిలింది. స్టూలు మీంచి లేచి పెడల్ని వేలితో గిర్రున తిప్పాడు. ఆగాక పైకొచ్చిన ముఖం మీద స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టాడు. ఎలెన్ కీ పెట్టి అటు మర, ఇటు మర చూశాడు.

"మాస్టారూ, దీనికి రెండు మొకాలున్నాయండి. తవరు ఒక మొకానికే మందేశారు."

నిజమే. ఈ రకం పెడలుకి రెండువైపులా దవడలుంటాయి. ఏ వైపు పైకొస్తే షూ దాన్నే పట్టుకుంటుంది. ఒక్కో దవడకి ఒక్కో మర. నేను మూడు వారాలుగా ఒక వైపునే బిగిస్తున్నాను. వదులు వైపు పైకొచ్చిన రోజున కాలు ఊడింది, బిగువు వైపు వచ్చిన రోజున నేను మరమ్మతు చేశానని మురిసిపోయాను. ఇంజినీరింగ్ చదివిన మనిషిని. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

రెండు మరల్నీ వదులు చేసి, ఊడిరాక ముందే ఆపాడు. తర్వాత చెవి దగ్గరగా పెట్టుకుని టిక్కులు లెక్కపెడుతూ రెండువైపులా సమానంగా బిగించాడు. ఒక చుట్టుకి నాలుగు టిక్కులు. ఆరు టిక్కుల దగ్గర ఆపేస్తే, ఇంకా బిగించమన్నాను.

ఇక్కడ నాకు తెలిసిన చరిత్ర కాస్త వల్లించాను. ఈ కిటుకు సైకిలు వాళ్ళ దగ్గర పుట్టలేదు. ఫ్రాన్సులో లుక్ అనే కంపెనీ, మంచు మీద జారడానికి కాళ్ళకి కట్టుకునే స్కీలకు బిగింపులు తయారు చేసేది. 1984లో అదే ఉపాయాన్ని పెడలుకి తెచ్చింది. మరుసటేడు బెర్నార్ ఇనో ఆ పెడళ్ళతోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. 1990లో జపాన్ షిమానో, నా కాలికున్న ఈ రెండు బోల్టుల రకాన్ని తెచ్చింది. క్లీటు చిన్నది, అడుగులోకి దాక్కుంటుంది, నడవొచ్చు.

బాబాయ్ అంతా విని, "మంచులో పడితే కాలిరక్కుండా ఊడాలనే గదండీ ఆ బిగింపు చేసింది? అంటే ఇది ఊడటానికే పుట్టిందండి. బిగించేత్తే పడ్డప్పుడు సైకిలూ తవరూ కలిసే ఎల్తారు" అన్నాడు. ఏరోడ్రమ్ దగ్గర, రెండో యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళు వేసిన రన్‌వే మీద వీటిని నేర్చుకున్న మొదటి రోజు, ఆగిన సైకిలు మీంచి కాలు తీయలేక చెట్టులా పక్కకి ఒరిగిపోయిన సంగతి గుర్తొచ్చింది. ఇంకేం మాట్లాడలేదు.

"పనైపోలేదండి" అన్నాడు మళ్ళీ. "రెండు మొకాలూ కుడి దానికీ ఉన్నాయి. దాన్ని తవరు బిగించనే లేదు, అయినా ఊడలేదు. ఎడమ్దే ఎందుకూడిందంటారు? తవరు ఆగేటప్పుడు ఏ కాలు దించుతారు?"

ఒక్క క్షణం నిజంగానే కాళ్ళ వంక చూసుకున్నాను. ఎడమ. రోడ్డుకి ఎడం పక్కన ఆగుతాను, ఎడంకాలే దించుతాను. గేటు పడినా, టీ తాగాలన్నా, కొల్లేటి గట్టున బాతుల కోసం ఆగినా మట్టి తొక్కేది అదే. కుడికాలు పెడల్లోనే దొరలా కూర్చునుంటుంది.

ఎడం షూని బోర్లించి ఒళ్ళో పెట్టుకున్నాడు. అప్పుడు చూశాను. క్లీటు చుట్టూ ఉన్న పల్లంలో కొల్లేటి నల్లమట్టి దిగి, ఎండి, సిమెంటులా గట్టిపడింది. పాత స్పోకు ఒకటి తీసి, కొస వంచి, పన్ను మీద గార గీకినట్టు గీకాడు. మట్టి పెళ్ళలుగా ఊడిపడింది. ఒక పెళ్ళలో చిన్న నత్తగుల్ల కూడా ఉంది. పళ్ళు తోముకునే పాత బ్రష్షుతో, కిరసనాయిలుతో తోమాడు. "గడియ బెజ్జంలో మట్టి కూరుకుంటే గడియ సగమే దిగుతాదండి. చూత్తే ఏసినట్టే ఉంటాది. గాలొత్తే తలుపు తెరుచుకుంటాది."

బోల్టుల్లో ఒకటి వేలితోనే కదిలింది. విప్పే ముందు క్లీటు చుట్టూ బాల్ పెన్నుతో గీత గీశాడు, తిరిగి అదే చోట కూర్చోవాలని. ఒక్క మిల్లీమీటరు పక్కకి పోయినా మోకాలు నెప్పి పెడుతుందని నాకు తెలుసు. ఆయనకెలా తెలుసో అడగలేదు. విప్పిన ఎడం క్లీటునీ కుడి క్లీటునీ అరచేతిలో పక్కపక్కన పెట్టి వెలుగులోకి పట్టాడు. కుడిదాని ముక్కు పదునుగా ఉంది. ఎడమదాని ముక్కు నీళ్ళలో దొర్లిన గులకరాయిలా నున్నబడింది, వెనక అంచు కూడా అరిగింది.

కొత్తది ఈ ఊళ్ళో దొరకదు, తెప్పించుకోవాలి. "అందాకా మార్చేద్దారండి. రెండూ ఒకటే గదా." ఈ రకం క్లీట్లకి కుడి ఎడమల తేడా లేదు. బోల్టులకి గ్రీజు రాసి, అరిగినదాన్ని కుడి షూకీ మంచిదాన్ని ఎడమకీ బిగించాడు. నన్ను సైకిలెక్కించి, వేపచెట్టు పట్టుకోమని, నా మడమ పట్టుకుని పైకి గుంజాడు. రాలేదు. పక్కకి తిప్పితే వచ్చింది.

"కాలవ గట్టుమీద తొక్కి రండి. నెమ్మది. వంతెన మీద లెగిసి చూడండి. లారీలున్న రోడ్డెక్కమాకండి."

ఏలూరు కాలవ నిండుగా పారుతోంది. గట్టుమీద ఆ వేళ ఎవరూ లేరు. వంతెన ఎక్కేచోట లేచి నిలబడి ఎడంకాలు లాగాను. పట్టింది. మళ్ళీ లాగాను. పట్టింది. మూడు వారాల బరువు దిగినట్టయింది. ఆ ఉత్సాహంలో కుడికాలు కూడా గట్టిగా లాగాను.

టక్.

తిరిగొచ్చేసరికి బాబాయ్ ఓ స్కూలు పిల్ల సైకిలు చక్రం బెండు తీస్తున్నాడు. తలెత్తకుండానే అడిగాడు.

"కుడా?"

"కుడే" అన్నాను.

"అయితే పెడలు మంచిదేనండి. యాభై ఇవ్వండి."

స్పోకు మీద పానా పెట్టి పావు మర తిప్పాడు.